తెలుగు వాక్యము - ఆంగ్ల పరిశోధనవ్యాసము: కతర్‌గామ్ విద్యార్థి దృష్టాంతముగా ఒక పరిశీలనము

పరిశోధనవ్యాసమును ఆంగ్లమున వ్రాయవలసి వచ్చినపుడు తెలుగు విద్యార్థి మొదట భయపడునది పదములకు. నిఘంటువు చేత నున్నచో ఆ భయము కొంత తీరును. వ్యాకరణదోషములను దిద్దువారు దొరకినచో మరికొంత తీరును. అయినను అనేకపర్యాయములు వ్యాసము తిరిగి వచ్చుచునే యుండును. ఏలయన, దోషము పదములందు గాక వాక్యపు కూర్పునందును, ప్రతిపాదించిన విషయముయొక్క పరిమాణమునందును నిలిచియుండును. ఈ రెండు దోషములలో పెక్కులు తెలుగు వాక్యరచనాభ్యాసమునుండి సంక్రమించినవే. కావున వానిని గుర్తించుటకు ఆంగ్లము మాత్రమే తెలిసినవారికంటె తెలుగు వ్యాకరణముకూడ తెలిసినవారే యెక్కువ సమర్థులు. ఈ యంశమును సోదాహరణముగ వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నాలుగు భాషల నడుమ

సూరత్ నగరపు ఉత్తరభాగమున కతర్‌గామ్ కలదు. వజ్రములకు సానపట్టు కార్ఖానాలకును, వస్త్రపరిశ్రమకును ఈ పేట ప్రసిద్ధము. తెలంగాణము నుండి నేతకుటుంబములు, అందు ముఖ్యముగ పద్మశాలీలు, బ్రతుకుతెరువునకై షోలాపురము, భివండి, సూరత్ మున్నగు పట్టణములకు తరలిపోయిన విషయము సుప్రసిద్ధము. సూరత్ పురపాలకసంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్ల మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునందును ప్రాథమిక పాఠశాలలను నెలకొల్పుట ఆ వలసకు సాక్ష్యము.

కతర్‌గామ్‌వంటి పేటయందు పెరిగిన యొక తెలుగు విద్యార్థిని దృష్టాంతముగ గ్రహింపవచ్చును. ఇంట తెలంగాణపు తెలుగు, వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ, ఉన్నతవిద్యలో ఆంగ్లము: ఇట్లు నాలుగు భాషలతో అతని నిత్యజీవితము గడచును. 1961లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగ వెలసి 2002లో జాతీయ సాంకేతికసంస్థగ మారిన సర్దార్ వల్లభభాయి విద్యాసంస్థయు, 1965లో ఏర్పడి నేడు వీర్ నర్మద్ పేరిట నున్న దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయమును ఆ నగరముననే యున్నవి. మరమగ్గముల శాలలలోని ధ్వని నేతకార్మికుల వినికిడిని ఎట్లు బాధించునో అతడు పరిశోధించుచున్నాడని యనుకొనవచ్చును. తండ్రి మగ్గము ప్రక్కన ఏండ్లతరబడి నిలిచినవాడు గనుక విషయము అతనికి పరాయిది కాదు. పరాయిది దానిని వ్రాయవలసిన భాష మాత్రమే.

ఈ కష్టము కల్పితము కాదు. 2023లో ‘ప్లాస్ బయాలజీ’ పత్రికయందు ప్రకటితమైన యొక పరిశీలనలో ఎనిమిది దేశములకు చెందిన 908 మంది పర్యావరణశాస్త్ర పరిశోధకులు పాల్గొనిరి. ఆంగ్లము మాతృభాష కానివారికి వ్యాసరచనకు 51 శాతమువరకు అధికకాలము పట్టుచున్నదనియు, భాషాకారణమున వారి వ్యాసములు సుమారు రెండున్నర రెట్లు అధికముగ తిరస్కృతము లగుచున్నవనియు ఆ పరిశీలన తెలిపెను. భారతదేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016 నాటి నియమావళిచే సిద్ధాంతగ్రంథమును సమర్పించుటకు పూర్వమే ఒక వ్యాసమైనను ప్రకటింపవలెనని విధించెను. 2022 నాటి నియమావళి ఆ నిర్బంధమును తొలగించెను. నిర్బంధము తొలగినను అవసరము తొలగలేదు. వ్రాయబడని పరిశోధన ఇతరులకు లేని పరిశోధనయే.

ఆంగ్లముయొక్క ప్రాబల్యము సనాతనము కాదు

శాస్త్రమునకు ఆంగ్లము సహజభాష యను భావము విద్యార్థిని కుంగదీయును. చరిత్ర ఆ భావమును సమర్థింపదు. న్యూటను తన ‘ప్రిన్సిపియా’ను 1687లో లాటినుభాషయందు ప్రకటించెను. 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ మాత్రమే ఆంగ్లమున వ్రాయబడినది. 1905లో ఐన్‌స్టయిన్ వ్యాసములు జర్మనుభాషయందు వెలువడెను. 1924లో ఢాకానుండి సత్యేంద్రనాథ్ బోసు ఆంగ్లమున వ్రాసి పంపిన వ్యాసమును ఐన్‌స్టయిన్ స్వయముగ జర్మనుభాషలోనికి పరివర్తించి ప్రకటింపజేసెను. నూరేండ్లక్రిందట భౌతికశాస్త్రమున ఆంగ్లవ్యాసమునకే అనువాదము కావలసియుండె నన్నమాట.

తెలుగువారు ఈ మార్గమున నడచుట క్రొత్త గాదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కెతో కలిసి భాస్వరమును రంగుచే కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతి నేటికిని వారిరువురి పేరిటనే ప్రసిద్ధము. ఆంధ్రవిశ్వకళాపరిషత్తున గణితము చదివిన సి. ఆర్. రావు 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికయందు ప్రకటించిన వ్యాసము గణాంకశాస్త్రమున మూలస్తంభముగ నిలిచినది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియాధాతువులను గూర్చి 1961లో ఆంగ్లమున ప్రకటించిన గ్రంథము ద్రావిడభాషాశాస్త్రమునకు పునాదులలో నొకటి. వీరిని లోకము స్మరించుట వారి ఆంగ్లపు సొగసునకు గాదు. ఒకరు ఒక పద్ధతిని, ఒకరు ఒక అసమీకరణమును, ఒకరు ఒక భాషాచరిత్రను స్పష్టముగ నిలిపిరి. స్పష్టత యనగా నేమో తెలియుటకు రెండు భాషల వాక్యములను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను.

క్రియ యెక్కడ నున్నది?

తెలుగువాక్యమున సమాపకక్రియ చివర నిలుచును. వినువాడు దానికై వేచియుండుటకు అలవాటుపడినవాడు. “మగ్గములను ఆపి, తలుపులు మూసి, పరికరమును నిలిపి, ధ్వనిని కొలిచి, పట్టికయందు వ్రాసిరి” అనునది తెలుగున సుగమమైన వాక్యము. ఐదు పనులు ఒక క్రమమున జరిగినవి. క్రమమును క్త్వార్థకములే తెలుపుచున్నవి. ఆంగ్లమున కర్త వెనువెంటనే ప్రధానక్రియ రావలెను. కర్తకును క్రియకును నడుమ దూరము పెరిగినకొలది చదువరి తడబడును. కావున పై వాక్యము ఆంగ్లమున రెండు మూడు వాక్యములుగ విడిపోవలెను. విడదీయుట రచనాశక్తికి లోప మని తెలుగు విద్యార్థి తలచును; ఆంగ్లమున నదియే మర్యాద.

క్త్వార్థకము మరియొక చిక్కును తెచ్చును. క్త్వార్థకమునకును ప్రధానక్రియకును కర్త యొక్కడే కావలెనను నియమము సంస్కృతవ్యాకరణమున ప్రసిద్ధము. తెలుగు వాడుక మాత్రము ఈ నియమమును సడలించినది. “వానలు కురిసి చెరువు నిండెను” అన్నపుడు కురిసినవి వానలు, నిండినది చెరువు. కార్యకారణసంబంధము స్పష్టముగ నుండుటచే వాక్యము నిర్దుష్టము. ఈ యలవాటుతో విద్యార్థి ఆంగ్లమున “స్టాపింగ్ ది లూమ్స్, ది నాయిస్ వజ్ మెజర్డ్” అని వ్రాయును. ఆంగ్లపాఠకునికి ఇందు మగ్గములను ఆపినది ధ్వనియే యని తోచును. ఆంగ్లవ్యాకరణములు దీనిని వ్రేలాడు విశేషణ మని నిందించును గాని, తెలుగువాడు ఎందుకు అట్లు వ్రాయునో చెప్పవు. సమానకర్తృకనియమము నెరిగిన విద్యార్థికి మాత్రము ఒక్కమాట చాలును: తెలుగు సడలించిన నియమమును ఆంగ్లము సడలింపలేదు.

ధాతుజవిశేషణముల విషయమున నిట్టిదే మరియొక భేదము. “కార్మికులు పనిచేసిన గది”, “కార్మికులు కొన్న నూలు”, “కార్మికులు వచ్చిన కారణము” అను మూడింటియందును కార్మికులకును తరువాతి నామమునకును గల సంబంధము వేరువేరు. గది అధికరణము, నూలు కర్మ, కారణము హేతువు. తెలుగు ఆ సంబంధమును ప్రత్యయముతో చెప్పక సందర్భమునకు వదలినది. ఆంగ్లము ఆ సంబంధమును వదలినచో అర్థము చెడును. అక్కడ ‘ఇన్ విచ్’, ‘ఫర్ విచ్’ అని కారకము పైకి రావలెను. వ్రాయువాడు మొదట తెలుగున “ఇది యే విభక్తి?” అని ప్రశ్నించుకొన్నచో ఆంగ్లమున ఏ విభక్త్యర్థకము కావలెనో సులభముగ తెలియును.

వాక్యమున బరువు నిలుచు స్థానమును వేరు. తెలుగున ముఖ్యాంశము సామాన్యముగ క్రియకు వెనువెంటనే ముందు నిలుచును. ఆంగ్లవాక్యమున తెలిసిన విషయము మొదటను, క్రొత్త విషయము చివరను నిలుచుట మేలు. గోపెన్, స్వాన్ అను ఇద్దరు 1990లో ‘అమెరికన్ సయంటిస్ట్’ పత్రికయందు ఈ సూత్రమును విపులీకరించిరి. పాఠకుడు వాక్యాంతమున ముఖ్యాంశమును ఆశించుననియు, అక్కడ అప్రధానవిషయ మున్నచో దానినే ప్రధానమని భ్రమించుననియు వారి వాదము. ‘డెసిబెళ్ళు ఇన్ని’ యను ఫలితమును వాక్యమధ్యమున దాచి, పరికరపు పేరును చివర నుంచిన విద్యార్థి, తనకు తెలియకయే పరికరమునకు పట్టము గట్టుచున్నాడు.

ఒక చిన్నపదము, ఒక కార్మికుని హక్కు

తెలుగున లేనివి, ఆంగ్లమున తప్పనివి ‘ఏ’, ‘ది’ అను ఉపపదములు. పాఠశాలలందు వీనిని నియమములుగ వల్లె వేయింతురు. పరిశోధనవ్యాసమున ఇవి నియమములు కావు; ప్రతిపాదనయొక్క కొలతలు. “మగ్గపుధ్వని చెవుడునకు కారణము” అని తెలుగున చెప్పవచ్చును. అది ఏకైక కారణమా, అనేకములలో నొకటియా యని తెలుగువాక్యము నిర్బంధించి యడుగదు. ఆంగ్లము తప్పక అడుగును. ‘ఏ కాజ్’ అన్నచో కారణములలో నొకటి. ‘ది కాజ్’ అన్నచో అదియే కారణము, వేరొకటి లేదు.

ధ్వనివలన కలుగు వినికిడిలోపము భారతదేశపు చట్టములందు నష్టపరిహారమునకు అర్హమైన వృత్తివ్యాధులలో నొకటి. అయినను చెవుడునకు వార్ధక్యము, చెవివ్యాధులు, కొన్ని మందులు కూడ కారణములు కావచ్చును. వ్యాసమున ‘ది కాజ్’ అని వ్రాసినచో, వృద్ధుడైన యొక కార్మికుని చూపి ఆ వాక్యమును ఖండించుట ప్రతివాదికి సులభము. వాక్యము కూలినపుడు దానితోపాటు సత్యమైన భాగముకూడ కూలును. ‘ఏ కాజ్’ అని వ్రాసి, వయస్సును వేరుచేసి, ధ్వనికి చెందిన భాగమును లెక్కతో చూపినచో ఆ వాక్యము నిలుచును. మగ్గము ప్రక్కన ముప్పదియేండ్లు గడపినవానికి కావలసినది పెద్దమాట గాదు, నిలుచుమాట.

ఇట్లే క్రియాపదములందును తారతమ్యము కలదు. ఆంగ్లమున ‘ప్రూవ్’, ‘షో’, ‘ఇండికేట్’, ‘సజెస్ట్’ అను క్రియలు క్రమముగ బలము తగ్గుచు వచ్చును. తెలుగున ‘నిరూపించినది’, ‘తెలుపుచున్నది’, ‘సూచించుచున్నది’, ‘అని తోచుచున్నది’ అను సోపానక్రమము సరిగ ఇట్టిదే. విద్యార్థికి ఈ వివేకము తన భాషయందు లేకపోలేదు. పాఠశాలలలోని వ్యాసరచన దృఢమైన మాటలనే మెచ్చుకొనుటచే, మెట్లన్నియు వదలి పైమెట్టునకే ఎగబ్రాకుట అలవాటైనది. శాస్త్రమున వినయము శీలము మాత్రమే కాదు. సాక్ష్యమునకు సరిపోవు కొలత.

అవతారికయు ఉపోద్ఘాతమును

1966లో రాబర్ట్ కప్లాన్ అను పండితుడు ఆంగ్లమువారి ఆలోచన సరళరేఖగను, ఇతరభాషలవారి ఆలోచన వంకరరేఖలుగను నడచునని చిత్రములతో ప్రతిపాదించెను. ఈ వాదమును అనంతరకాలమున పలువురు విమర్శించిరి. ఆయన తానును దానిని సవరించుకొనెను. ఆలోచన వంకర గాదు, రచనామర్యాదలు వేరు. మర్యాదను నేర్చుకొనవచ్చును.

1990లో జాన్ స్వేల్స్ అను భాషాశాస్త్రజ్ఞుడు ఆంగ్లవ్యాసపు ఉపోద్ఘాతమును మూడు అడుగులుగ వివరించెను. మొదట, విషయపు ఎల్లలను చూపి పూర్వుల కృషిని పేర్కొనుట. రెండవది, అందు మిగిలిన వెలితిని చూపుట. మూడవది, ఆ వెలితిని ఈ వ్యాసము ఎట్లు పూరించునో చెప్పుట. తెలుగుకావ్యపు అవతారికను చదివినవారికి ఇది వింతగ తోచదు. అక్కడ ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతికర్తయొక్క సంకల్పము వరుసగ వచ్చును. ఉపోద్ఘాతమున దేవతాస్తుతికి స్థానము లేదు. పూర్వకవిస్తుతి మాత్రము పూర్వపరిశోధకుల ప్రస్తావనగ నిలుచును. కుకవినింద మాత్రము పూర్తిగ మారవలెను. వెలితిని చూపవలెను గాని వ్యక్తిని నిందింపరాదు. “పూర్వులు గ్రహింపలేకపోయిరి” అనుటకు బదులు “పూర్వపరిశీలనలు పెద్ద మిల్లులకు పరిమితములు, చిన్న శాలలను గూర్చినవి స్వల్పము” అన్నచో చాలును. ఇట్లనుటకు ఆ స్వల్పమైనవానిని నిజముగ చదివియుండవలెను.

శాస్త్రగ్రంథములకు ప్రాచీనులు విధించిన అనుబంధచతుష్టయముకూడ ఇందు ఉపకరించును. విషయ మేది, ప్రయోజన మేది, రెంటికి సంబంధ మేది, అధికారి యెవడు అను నాలుగు ప్రశ్నలకు నాలుగు వాక్యములలో సమాధానము వ్రాయగలిగినచో ఉపోద్ఘాతముయొక్క అస్థిపంజరము సిద్ధమైనట్లే. వీనిలో విద్యార్థులు తరచు మరచునది నాలుగవది. వ్యాసమును చదువువాడు గురువు గాదు, పరీక్షకుడు గాదు; ఇంకొక దేశమున అదే పనిని మరల చేయదలచినవాడు. పరికరము చెవికి ఎంతదూరమున నున్నది, ఎన్ని మగ్గములు నడచుచుండెను, ఎన్ని గంటలు కొలిచిరి అనునవి వానికి కావలెను. విశేషణములు వానికి అక్కరలేదు.

పరుల వాక్యము

ఆంగ్లము రానివాడు మంచి ఆంగ్లమును చూచినపుడు దానిని దాచుకొనగోరుట సహజము. పద్యములను కంఠస్థము చేయుట విద్యకు మొదటిమెట్టుగ భావించిన సంప్రదాయమున ఇది దోషముగ తోచదు. పరిశోధనమర్యాద వేరు. 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించిన నియమావళి ప్రకారము ఇతరుల రచనతో సామ్యము 10 శాతము వరకు శిక్షార్హము గాదు. అంతకు మించి 40, 60 శాతముల వద్ద శిక్ష క్రమముగ హెచ్చును. అయినను శాతములు ధర్మమును నేర్పవు. ‘ధ్వనిని ఈ క్రింది విధముగ కొలిచిరి’ వంటి చట్రము అందరి సొత్తు. ఒక పరిశోధకుడు తన ఫలితమునుండి తీసిన అభిప్రాయము, దానిని చెప్పిన వాక్యము ఆయన సొత్తు. చట్రమును తీసికొనవచ్చును, అందలి చిత్రమును తీసికొనరాదు.

ఇక్కడ తెలుగు ‘అని’ యను అవ్యయము మంచి గురువు. పరుల మాట ఎక్కడ ముగిసినదో ‘అని’ యను పదము కచ్చితముగ గీత గీయును. ఆంగ్లమున అట్టి ముగింపుగుర్తు లేదు. కావున ఆ గీతను పరిశోధకుని పేరుతోను, సంవత్సరముతోను, ఉద్ధరణచిహ్నములతోను గీయవలెను. చిత్తుప్రతిని తెలుగున వ్రాసి, ‘అని’ వచ్చిన ప్రతిచోటను ఎవరు అనిరో ప్రక్కన వ్రాసికొన్నవాడు పొరపాటున కూడ దొంగ కానేరడు.

అభ్యాసక్రమము

వ్యాసమును చదువు క్రమమును వ్రాయు క్రమమును ఒకటి కావు. మొదట పట్టికలను, పటములను సిద్ధము చేయవలెను. పిదప వ్యాసము చెప్పు విషయమును ఇంటి భాషలో, ఒకే వాక్యమున, నేతపని చేయు తండ్రికి తెలియునట్లు వ్రాయవలెను. ఆ వాక్యము కుదరనిచో లోపము ఆంగ్లముది గాదు. ఆలోచన యింకను పండలేదు. తరువాత పరిశోధనపద్ధతిని వ్రాయుట సులభము, అది జరిగిన పనుల వరుస గనుక భూతకాలముతో సాగును. అనంతరము ఫలితములు, చర్చ, అటుపిమ్మట ఉపోద్ఘాతము, కడపట సంగ్రహము, శీర్షిక.

ఏ పత్రికకు పంపదలచిరో దానిలోని పది వ్యాసములను భాషకొరకే మరల చదువుట మేలు. ఉపోద్ఘాతమున వెలితిని ఏ మాటతో చూపిరి, చర్చలో ఏ క్రియను వాడిరి, ఎక్కడ ‘ఏ’, ఎక్కడ ‘ది’ అని గుర్తించి ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. తన దోషముల పట్టికను వేరుగ నుంచుకొని, వ్రాసిన ప్రతిని ఒక్కొక్క దోషమునకై ఒక్కొక్కసారి చదువవలెను. అన్నిటికై ఒకేసారి చదివినవానికి ఏదియు కనబడదు.

పరీక్షకుల అభిప్రాయములు వచ్చినపుడు అవమానముగ భావించుట తగదు. “భాష బాగుగ లేదు” అను మాట వెనుక పెక్కుసార్లు “ఇది నాకు అర్థము కాలేదు” అను మాట దాగియుండును. ప్రతి యాక్షేపణకును సంఖ్య నిచ్చి, చేసిన సవరణను పేర్కొని, అంగీకరింపనిచోట హేతువును చెప్పుట పద్ధతి. పూర్వపక్షమును న్యాయముగ నిలిపి సిద్ధాంతమును చెప్పు శాస్త్రసంప్రదాయము నెరిగినవారికి ఇది పరిచితమే.

నేడు అనువాదము చేయు యంత్రములును, వాక్యములను దిద్దు యంత్రములును సులభముగ లభించుచున్నవి. వానిని వాడుటకు పెక్కు పత్రికలు అనుమతించుచున్నవి. వాడినట్లు ప్రకటింపవలెననియు, యంత్రము గ్రంథకర్త కానేరదనియు 2023 నుండి ప్రధానపత్రికలు నియమములు చేసినవి. యంత్రము వలన అక్షరదోషములు పోవును. ప్రమాదము వేరొకచోట నున్నది. తెలుగువాక్యమున ఉపపదము లేదు గనుక, ‘కారణము’ అనుదానిని ‘ఏ కాజ్’ అనవలెనో ‘ది కాజ్’ అనవలెనో యంత్రము తనంతట తాను నిర్ణయించును. వాక్యము నునుపుగ నుండును, ప్రతిపాదన మారిపోవును. ఆ మార్పును పట్టుకొనుటకు యంత్రముకంటె పరిశోధకుడే యెక్కువ తెలిసినవాడు కావలెను.

తెలుగుశాఖల కర్తవ్యము

ఆంగ్లవ్యాసరచనను ఆంగ్లశాఖ మాత్రమే నేర్పవలెనను భావము సాధారణము. ఆంగ్లశాఖ తప్పును చూపగలదు. ఆ తప్పు ఏ తెలుగువాక్యమునుండి పుట్టినదో చూపుటకు క్త్వార్థకమును, ధాతుజవిశేషణమును, విభక్తిని, ‘అని’ యను అవ్యయమును ఎరిగినవారు కావలెను. తెలుగు, ఆంగ్ల వాక్యభేదములను వరుసగ చూపు ఒక చిన్న పుస్తకమును, ఆ పాఠములను చెప్పు ఒక తరగతిని విశ్వవిద్యాలయ తెలుగుశాఖలు ఏర్పరచుట అసాధ్యము గాదు. తెలుగురాష్ట్రముల వెలుపల, తెలుగు చదువుకొను అవకాశము తగ్గిన సూరత్‌వంటి నగరములందలి విద్యార్థులకు అట్టి పుస్తకము రెండువిధముల ఉపకరించును: ఆంగ్లమును నేర్పును, ఇంటి తెలుగునకును వ్యాకరణ మున్నదని తెలుపును. నాలుగు భాషల నడుమ పెరిగిన విద్యార్థికి లోటు భాషలది గాదు. వాని భేదములను పేరుపెట్టి చెప్పినవారు లేకపోవుటయే అతని లోటు.